విద్యుత్తు సంత: త్రాసు ఎవరి చేత నుండవలెను?

దేశమందలి విద్యుచ్ఛక్తినంతటిని ఒకే సంతకు దెచ్చి, ఒకే త్రాసున తూచి, ఒకే ధరకు విక్రయింపవలెనను తలంపు కొన్ని యేండ్లుగా ఢిల్లీలో బలపడుచున్నది. 2021 జూన్ నెలలో కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖవారు ఈ విషయమై యొక చర్చాపత్రమును ప్రకటించి, కేంద్రమువారి థర్మల్ కేంద్రములతో 2022 ఏప్రిల్ 1వ తేదీని మొదటి మెట్టు ఎక్కుదమనిరి. ఇందువలన సంవత్సరమునకు సుమారు 12,000 కోట్ల రూపాయలు మిగులునని వారి యంచనా. రాష్ట్రములలో ననేకము సంశయము వెలిబుచ్చెను. ఆ తేదీ గడచిపోయెను; పథకము కాగితముమీదనే నిలిచెను. పిదప 2025 జులై 23వ తేదీని కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘమువారు మరియొక త్రోవన ముందడుగు వేసిరి. దేశమునగల మూడు విద్యుత్ ఎక్స్ఛేంజీలలో వేర్వేరుగా దాఖలగు బేరములను ఒకచోట చేర్చి ఒకే ధర తేల్చు పద్ధతిని, మరునాటి సరఫరాకై జరుగు బేరములతో 2026 జనవరి నుండి ఆరంభింపవలెనని ఉత్తరువు చేసిరి. దానిపై ఎక్స్ఛేంజీలలో పెద్దది అప్పిలేటు ట్రిబ్యునలు మెట్లెక్కినది. అదే సంవత్సరము అక్టోబరులో విద్యుచ్ఛాసనమునకు సవరణ ముసాయిదా యొకటి వెలువడినది. ఈ మూడును వేర్వేరు కాగితములైనను, మూడింటి దృష్టియు ఒక్క దిక్కుననే యున్నదని మేము తలంచుచున్నాము.

ఈ సంతలో తెలుగువారి రెండు రాష్ట్రములును మనఃపూర్వకముగా చేరవలెనా, దూరముగా నిలువవలెనా యనునది ప్రశ్న. చేరుట సర్వరోగ నివారణియని చెప్పువారు కొందరు. చేరుట రాష్ట్రముల స్వాతంత్ర్యమునకు ఉరియని చెప్పువారు కొందరు. ఈ రెండు మాటలలో నేదియు మాకు రుచింపలేదు. సంతకు పోవలసినదే. కాని సంత కట్టుబాట్లను వ్రాయునప్పుడు మన చేయియు కలము పట్టవలెను. ఇప్పటి ప్రతిపాదనములలో లోపించినది ఈ రెండవ సంగతి.

విషయము తేటపడుటకు ఇప్పటి పద్ధతిని కొంత వివరింపవలసియున్నది. నేడు ప్రతి రాష్ట్రపు పంపిణీ సంస్థయు ఇరువదియేండ్లకో, ఇరువదియైదేండ్లకో కొన్ని విద్యుత్కేంద్రములతో ఒడంబడికలు చేసికొనియున్నది. ప్రతిదినమును ఆ కేంద్రములలో చౌకైనదానిని ముందుగను, ప్రియమైనదానిని కడపటను నడిపించుకొనుచు తన యక్కర తీర్చుకొనును. లోటుపడినది ఎక్స్ఛేంజీలో కొనును. దేశమున వినియోగమగు విద్యుత్తులో ఎక్స్ఛేంజీలగుండా పోవునది నూటికి పదింటికి లోపే. ఈ పద్ధతిలో నొక దుబారా కలదు. ఒక రాష్ట్రము తన ఒడంబడికకు కట్టుబడి యూనిటునకు ఐదు రూపాయల బొగ్గు కాల్చుచుండగా, పొరుగురాష్ట్రమున మూడు రూపాయలకే తయారుచేయగల కేంద్రము పని చాలక మందగించియుండవచ్చును. రెండిండ్లవారు తమతమ పొయ్యిమీద వేర్వేరుగా వంటచేసికొనుట వంటిది ఇది, కట్టెలు దండుగ. ఉమ్మడి సంతలోనైనచో దేశమందలి కేంద్రములన్నియు తమ ధరలను చెప్పును; కొనువారందరును తమ యక్కరలను చెప్పుదురు; చౌకైనవి ముందు, ప్రియమైనవి వెనుకగా నడచును. కట్టకడపట అక్కరపడిన కేంద్రము ఏ ధర చెప్పెనో, ఆ గంటకు అందరకును అదే ధర.

ఈ కడపటి వాక్యమునందే చిక్కంతయు నున్నది. రెండు రూపాయలకు తయారుచేయు పాత కేంద్రమును, ఆరు రూపాయలకు తయారుచేయు కొత్త కేంద్రమును ఆ గంటలో ఆరు రూపాయలే పుచ్చుకొనును. ఆ పాత కేంద్రపు అప్పును ఇరువదియేండ్లు బిల్లులలో తీర్చినవారెవరు? ఆ రాష్ట్రపు ప్రజలే. చెట్టు నాటి నీరుపోసి పెంచినవాడు పండ్లను సంతలో అందరితోపాటు సంతధరకే కొనవలెననుట అతనికి న్యాయముగా తోచదు. చర్చాపత్రమున దీనికి సమాధానము లేకపోలేదు. పాత ఒడంబడిక గల కేంద్రము సంతలో హెచ్చు పొందినచో, ఆ హెచ్చును ఒడంబడికదారునకు తిరిగి చెల్లింపవలెనని యున్నది. మంచిదే. కాని తిరిగి వచ్చు సొమ్ము తరువాత వచ్చును. చెల్లింపవలసిన సొమ్ము ముందే చెల్లింపవలెను. నెలాఖరున బొగ్గు బిల్లులకే తడుముకొను మన పంపిణీ సంస్థలు రోజురోజు కొనుగోలునకు రొక్కమెక్కడ తెచ్చును? అప్పు తెచ్చును. ఆ వడ్డీ ఏ ఖాతాలో వ్రాయబడునో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. పాత ఒడంబడికలు ముగిసిన పిమ్మట ఈ తిరుగు చెల్లింపు గతి యేమనునది మరియొక ప్రశ్న.

ఇక్కడ నొక సంగతి తప్పక చెప్పవలెను. కట్టెల దండుగ మాన్పుటకు ఉమ్మడి సంత యొక్కటే మార్గము కాదు. 2019 ఏప్రిల్ నుండి జాతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రమువారు అంతర్రాష్ట్రీయ థర్మల్ కేంద్రములలో నొక ప్రయోగము నడుపుచున్నారు. ఎవరి ఒడంబడికలు వారికే యుండును. ఎవరి హక్కులు వారివే. కాని యే గంటకు ఏ కేంద్రము చౌకయో చూచి, ప్రియమైనదాని వంతును చౌకైనదానికి మార్చి, మిగిలిన సొమ్మును పంచుచున్నారు. హక్కు కదలకుండ పని మాత్రము కదలినది. ఈ ప్రయోగమునే రాష్ట్రముల కేంద్రములకును వారి సమ్మతితో విస్తరించినచో, చర్చాపత్రమువారు లెక్కగట్టిన లాభములో నెంతపాలు చేతికందునో మొదట తేల్చి చెప్పవలసినది. ఆ లెక్క చూపకయే పెద్ద పథకమును ముందునకు నెట్టుట మాకు వింతగా నున్నది.

అయినను ఏకాకిగా నుండుట మేలను వాదమును మేము అంగీకరింపజాలము. ఆ వాదమునకు 2012 జులై నెల యొక ఆధారముగా చూపబడుచున్నది. ఆ నెల 30వ తేదీని ఉత్తర ప్రాంతపు గ్రిడ్డు కూలినది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతములు మూడును చీకటిలో మునిగినవి. అరువది కోట్ల జనులకు మించి ఆ బాధకు లోనైరి. దక్షిణమున దీపములు వెలుగుచునే యుండెను. ఏలయన నాడు దక్షిణ ప్రాంతము తక్కిన దేశముతో గాజువాక, భద్రావతి మొదలగు చోట్ల డి.సి. లంకెలతో మాత్రమే కలిసియుండెను. అవతలి తత్తరపాటు ఇవతలకు ప్రాకలేదు. ఇంతవరకు నిజమే. కాని ఆ దక్షిణమునందే, ఆ సంవత్సరమునందే, ఉమ్మడి ఆంధ్రరాష్ట్రపు పరిశ్రమలకు విద్యుత్ సెలవులు ప్రకటింపబడిన సంగతిని ఆ వాదము చేయువారు మరచుచున్నారు. మగ్గములు నిలిచినవి, మిల్లులు నిలిచినవి, దినకూలీలు ఇంటిదారి పట్టిరి. తూర్పునను పడమరను అమ్మకమునకు విద్యుత్తు ఉన్నను తెచ్చుకొనుటకు తీగలు చాలలేదు. ఎక్స్ఛేంజీలలో దక్షిణపు ధర తక్కిన దేశపు ధరకంటె మిక్కిలి హెచ్చుగా నుండెడిది. సంత ఒకటే, దారి ఇరుకు. 2013 డిసెంబరు 31వ తేదీని రాయచూరు–షోలాపూరు 765 కె.వి. తీగ ద్వారా దక్షిణ ప్రాంతము దేశపు గ్రిడ్డులో లీనమైనది. తరువాత తీగలు పెరిగినకొలది ఆ ధరల తేడా కరిగినది. ఏకాకితనపు ఫలమును చూడగోరువారు 2021 ఫిబ్రవరిలో అమెరికాయందలి టెక్సాసును చూడవచ్చును. పొరుగు గ్రిడ్డులతో గట్టిలంకెలు వలదని గర్వించిన ఆ రాష్ట్రము మంచుతుపానున గడ్డకట్టినపుడు, సంతధర యూనిటునకు 9 డాలర్లకు చేరి దినములతరబడి యచటనే నిలిచినది. విద్యుత్తు లేక, వేడిమి లేక వందలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి.

పైగా ఇప్పుడు సూర్యుడు కొత్త వ్యాపారియై సంతకు వచ్చినాడు. కర్నూలు వద్ద 1,000 మెగావాట్ల సౌరకేంద్రము 2017లోనే పూర్తియైనది. రాజస్థాన, గుజరాతులలో అంతకు మించినవి వెలసినవి. మిట్టమధ్యాహ్నము అమ్మువారే గాని కొనువారు చాలని గంటలు వచ్చినవి. 2025 మే నెలలో కొన్ని వేళల ఎక్స్ఛేంజి ధర యించుమించు సున్నకు దిగినది. ప్రొద్దుగుంకిన పిదప అదే ధర చట్టమనుమతించిన పై హద్దునకు, అనగా యూనిటునకు 10 రూపాయలకు ఎగబ్రాకుట కలదు. ఇట్టి కాలమున విశాలమైన సంత అవసరము. మధ్యాహ్నపు మన మిగులు ఉత్తరమునకు పోవలెను. సాయంకాలపు మన లోటు హిమాలయపు నీటితోనో, తూర్పు బొగ్గుతోనో తీరవలెను. ఇంటిగోడ ఎత్తుగా కట్టుకొని యెండను లోన దాచుకొనుట సాధ్యము కాదు.

కావున చేరుట మంచిదే. ఎట్లు చేరుదుమనుటయే తగవు. అందు ముఖ్యమైనది నీటి సంగతి. బొగ్గు కేంద్రమును విద్యుత్తు కొరకే కట్టుదురు. శ్రీశైలమును, నాగార్జునసాగరును కట్టినది విద్యుత్తు కొరకు మాత్రమే కాదు. శ్రీశైలమున కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900 మెగావాట్లు కలవు. కుడిగట్టు ఆంధ్రప్రదేశము క్రిందను, ఎడమగట్టు తెలంగాణము క్రిందను నడచుచున్నవి. జలాశయపు నిండుమట్టము 885 అడుగులు. 854 అడుగుల క్రిందకు దిగినచో పోతిరెడ్డిపాడు తూములగుండా రాయలసీమకు నీరందుట కష్టమగును. 2021 జులైలో ఎడమగట్టున విద్యుదుత్పత్తి సాగుచుండగా సోదర రాష్ట్రముల నడుమ రేగిన కలహమును పాఠకులు మరచియుండరు. ప్రధానమంత్రికి లేఖలు పోయెను. కృష్ణమీది ప్రాజెక్టులవద్ద పోలీసులను కాపుంచవలసివచ్చెను. అప్పటికి సంతధర యొక్క ఒత్తిడి లేదు. ఆగస్టు సాయంకాలమున యూనిటునకు పది రూపాయలని సంత పిలుచుచుండగా, నీటిని నిలుపుడని సీమ రైతు కోరుచుండగా, ఎవరి మాట చెల్లును? సంతలో అమ్ముట ఇష్టాధీనమైనంత కాలము ఈ ప్రశ్నకు మన ప్రభుత్వములే జవాబు చెప్పుకొనును. అన్ని కేంద్రములును తప్పక సంతకు రావలెనని నియమమేర్పడిననాడు జవాబు చెప్పునది యంత్రము. యంత్రమునకు ధర తెలియును. వరిమడికి కడతడి ఎప్పుడు కావలయునో దానికి తెలియదు. సేద్యపు జలాశయములపై నున్న కేంద్రములను ఈ నిర్బంధము నుండి తప్పింపవలెనని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము. ఈ ఒక్క విషయమున బేరమునకు తావులేదు.

ఇక త్రాసు సంగతి. సంతలో ధర తేల్చు నియమములను వ్రాయునది కేంద్ర నియంత్రణ సంఘము. దాని అధ్యక్షుని, సభ్యులను నియమించునది కేంద్రప్రభుత్వము. ఎన్నిక చేయు సంఘమున రాష్ట్రముల ప్రతినిధికి స్థానములేదు. గ్రిడ్డును నడుపునది గ్రిడ్ ఇండియా. అదియు కేంద్రప్రభుత్వపు సంస్థయే. వీరి నిజాయితీని మేము శంకింపము. వారిలో సమర్థులు కలరు. కాని రాజ్యాంగమున విద్యుచ్ఛక్తి ఉమ్మడి జాబితాలోని 38వ అంశము. ఉమ్మడి సొత్తునకు ఒక్క భాగస్థుడే గుమాస్తాలనందరిని నియమించుట వింత. ఇది కేవలము సిద్ధాంతచర్చ కాదనుటకు 2022 ఆగస్టు 18వ తేదీ సాక్ష్యము. ఉత్పత్తిదారులకు బాకీపడిరని చెప్పి, 13 రాష్ట్రములలోని 27 పంపిణీ సంస్థలను మరునాటి నుండి ఎక్స్ఛేంజీలలో కొనుట అమ్ముట చేయనీయరాదని గ్రిడ్డు సంస్థ మూడు ఎక్స్ఛేంజీలకును వ్రాసినది. ఆంధ్రప్రదేశము, తెలంగాణము రెండును ఆ పట్టికలో నుండెను. బాకీ చెల్లింపవలసినదే; అందుకు వాదులేదు. కాని మరునాటి దీపము వెలుగుటయో ఆరుటయో ఒక్క జాబు మీద ఆధారపడెను. కొన్ని రాష్ట్రములు తాము చెల్లించియే యున్నామని మొరపెట్టుకొనెను. లెక్క సరిచూచుట ముందా, తలుపు మూయుట ముందా? నేడు సంతలో కొనునది మన యక్కరలో స్వల్పభాగము గనుక ఆ దెబ్బకు తట్టుకొంటిమి. అక్కర యంతయు ఆ వాకిటనే కొనవలసిననాడు అట్టి జాబు వచ్చిన గతి యేమి?

అదే సంవత్సరపు వసంతమున ధర విషయమునను ఒక పాఠము జరిగినది. వేసవి ముందుగా వచ్చి, బొగ్గు చాలక, మార్చి నెలలో ఎక్స్ఛేంజి ధర యూనిటునకు 20 రూపాయల వరకు పోయినది. ఏప్రిల్ మొదట నియంత్రణ సంఘమువారు 12 రూపాయల హద్దు విధించిరి. మరుసటి సంవత్సరము దానిని 10కి దించిరి. హద్దు విధించుట అవసరమే. ఆ ఏప్రిల్‌లోనే ఆంధ్రప్రదేశమున పరిశ్రమలకు మరల సెలవులు ప్రకటింపవలసివచ్చినది. ధరకు హద్దు గీయగలము గాని, లేని విద్యుత్తును ఆ హద్దు పుట్టింపజాలదు. వేసవికి ముందే ఒడంబడిక చేసికొనినవాడు నిదురించెను. సంతను నమ్మినవాడు మేల్కొనియుండెను. సంత ఒడంబడికకు తోడు కావలెను గాని, ఒడంబడికను మ్రింగరాదు.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. అమెరికా పడమటితీరమున కాలిఫోర్నియా రాష్ట్రము 1998లో విద్యుత్తు సంతను తెరచినది. 2000, 2001 సంవత్సరములలో ఎన్రాన్ మొదలగు వర్తకులు ఆ సంత నియమములలోని కంతలను కనిపెట్టి, కృత్రిమమైన కరవును కల్పించి ధరలను పెంచిరి. వంతులవారీగా దీపములార్పవలసివచ్చినది. ఆ రాష్ట్రపు అతిపెద్ద విద్యుత్ సంస్థయే 2001 ఏప్రిల్‌లో దివాలా తీసినది. కొంతకాలము ప్రభుత్వమే ప్రజాధనముతో విద్యుత్తు కొని పంచినది. ఇంత జరిగినను వారు సంతను విడువలేదు. 2014 నవంబరు నుండి పొరుగు రాష్ట్రముల సంస్థలను తమ తక్షణ సంతలోనికి ఆహ్వానించిరి. చేరువారు ఇష్టమున్న చేరవచ్చును, వలదన్న వెడలవచ్చును. ఆ స్వేచ్ఛవలననే ఒకరి వెంట నొకరుగా చాలమంది చేరిరి. కాని మరునాటి సరఫరా సంత, గ్రిడ్డు పాలన అనుసరికి అందరును ఆగిపోయిరి. కారణమేమి? గ్రిడ్డును నడుపు సంస్థకు ఐదుగురు పాలకులు; ఐదుగురను నియమించువాడు కాలిఫోర్నియా గవర్నరు. మీ గవర్నరు నియమించినవారి చేతిలో మా దీపములుంచుమా యని పొరుగువారడిగిరి. మా నిర్మలవిద్యుత్తు నియమములను మీ బొగ్గు రాష్ట్రములు చెరుపునని కాలిఫోర్నియావారు భయపడిరి. 2018లో శాసనసభ ముందుకు వచ్చిన బిల్లు అందుచేతనే వీగిపోయినది. 2025 సెప్టెంబరులో గాని మార్గము దొరకలేదు. సంతను ఏ యొక్క రాష్ట్రపు గవర్నరుకును లోబడని ప్రాంతీయసంస్థకు అప్పగించుటకు వీలుకల్పించు శాసనము నాడు సంతకము పొందినది. అచటివారికి సంతవలన లాభమున్నదా యను వాదము త్వరగానే తీరినది. పాలకులనెవరు నియమింతురను తగవు తీరుటకే ఏండ్లు పట్టినది.

నార్వే కథ వేరు. జలపాతములు గల దేశము, విద్యుత్తు చవుక. 1996లో స్వీడనుతో కలిసి దేశాంతర విద్యుత్ ఎక్స్ఛేంజిని స్థాపించినది వారే. 2021లో జర్మనీకిని, బ్రిటనునకును సముద్రగర్భమున చెరి 1,400 మెగావాట్ల తీగలు పనిచేయుట మొదలిడినవి. అంతలో ఐరోపాయందు గ్యాసు కరవు వచ్చినది. 2022లో దక్షిణ నార్వేలోని గృహస్థు ఎన్నడెరుగని ధరను చూచెను. ఉత్తరమున ధర కొద్దిగానే యుండెను. మొత్తముమీద దేశమునకు ఎగుమతివలన సొమ్ము వచ్చినమాట నిజము. ఆ సొమ్ములో నుండి ప్రభుత్వమువారు గృహస్థుల హెచ్చుధరలో పెద్దపాలు భరింపవలసివచ్చినది. అయినను కసి తీరలేదు. ఐరోపా కూటమి విద్యుత్ శాసనములను స్వీకరించు విషయమై 2025 జనవరి చివర అచటి సంకీర్ణ ప్రభుత్వమునుండి ఒక పక్షము వెడలిపోయినది. దేశము మొత్తముమీద లాభపడుచున్నదను మాట ఒక్కొక్క యింటి బిల్లును తగ్గింపదు. పన్నెండువేల కోట్ల లాభమని చెప్పువారు, అది యే రాష్ట్రమునకు ఎంత, ఏ రాష్ట్రమునకు నష్టమెంత యను పట్టికను కూడ ప్రకటించుట ఉచితము.

మన దేశమున ఉమ్మడి పాలనకు ఉదాహరణములు లేవా? తుంగభద్ర కలదు. 1953 నుండి తుంగభద్ర బోర్డు నడచుచున్నది. అధ్యక్షుడు కేంద్రమువాడు, సభ్యులలో రాష్ట్రములవారు కలరు. విద్యుత్తు నూటికి 80 మనవైపునకును, 20 కర్ణాటకమునకును వచ్చునట్లు వ్రాతమూలముగా నున్నది. 1955లో ఆరంభమైన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము ఆంధ్ర, ఒడిస్సాల ఉమ్మడి సొత్తు. ఈ రెండిటను తగవులు లేవనుట కాదు. తగవు వచ్చినపుడు కూర్చుండుటకొక బల్లయు, చూపుటకొక కాగితమును కలవు. పెద్దయెత్తున చూడగోరిన వస్తుసేవల పన్నుల మండలి కలదు. అందు కేంద్రమునకు మూడింట నొకవంతు వోటు, రాష్ట్రములకు మూడింట రెండువంతులు. నాలుగింట మూడువంతుల మద్దతు లేనిదే తీర్మానము సాగదు. ఆ మండలిపై రాష్ట్రములకు ఫిర్యాదులు లేకపోలేదు. అయినను పన్ను రేటు మార్చుటకు ఒక యుద్యోగి జాబు చాలదు.

2025 అక్టోబరు ముసాయిదాలో విద్యుత్ మండలి యొకటి ప్రతిపాదింపబడినది. కేంద్రమును రాష్ట్రములును కలిసి కూర్చుండి విధానములపై ఏకాభిప్రాయమునకు వచ్చుట దాని యుద్దేశమట. ఈ తలంపును మేము స్వాగతించుచున్నాము. కాని మాటలాడి కాఫీ త్రాగి లేచిపోవు మండలి యొకటి, వోటు గల మండలి యొకటి. సంత నియమములు మారునపుడు, ఏ కేంద్రములు తప్పక సంతకు రావలెనో నిర్ణయించునపుడు, బాకీకై ఎవరినైన సంతనుండి వెలివేయునపుడు ఆ మండలి సమ్మతి విధిగా నుండవలెనని శాసనముననే వ్రాయవలెను. నియంత్రణ సంఘపు సభ్యులను ఎన్నుకొను కమిటీలో ప్రాంతమునకొక్కరు చొప్పున రాష్ట్రముల ప్రతినిధులు ఉండవలెను. మొదటి కొన్ని యేండ్లు చేరికయు, వైదొలగుటయు రాష్ట్రముల ఇష్టాధీనముగా నుండుట మేలు. సంత మంచిదైనచో జనము తామే వత్తురు. బండ్లు పట్టి తోలుకొని రానక్కరలేదు.

మన యింటి సంగతియు చెప్పవలెను. బాకీదారుని మాటకు సభలో విలువ తక్కువ. ఉచితవిద్యుత్తునకై ప్రభుత్వములు చెల్లింపవలసిన సబ్సిడీ కాలమునకు అందక, ప్రభుత్వ కార్యాలయములే బిల్లులు కట్టక, పంపిణీ సంస్థలు అప్పులలో మునుగుచుండగా, తలుపు మూసిరని ఢిల్లీపై కోపించుట సగము న్యాయమే. రైతునకు ఉచితముగా నిచ్చుటను మేము తప్పుపట్టము. ఇచ్చిన మాటకు సొమ్ము బడ్జెటులో వ్రాసి, నెలనెల చెల్లించుట ఇచ్చినవాని ధర్మము.

అంతకు మించి, తెలుగురాష్ట్రములు రెండును ఈ విషయమున వేర్వేరు గొంతులతో మాటలాడుట యొక దౌర్భాగ్యము. 2014లో రాష్ట్రము రెండైనపుడు విద్యుత్ ఒడంబడికలలో తెలంగాణమునకు నూటికి 53.89, ఆంధ్రప్రదేశమునకు 46.11 వంతున పంపకము జరిగెను. పిమ్మట ఎవరెవరికెంత బాకీయను తగవు పుట్టినది. 2022 ఆగస్టులో కేంద్రము జోక్యము చేసికొని, తెలంగాణము అసలును వడ్డీయు కలిపి 6,700 కోట్ల రూపాయలకు పైగా 30 దినములలో చెల్లింపవలెనని ఆజ్ఞాపించెను. 2023 అక్టోబరులో తెలంగాణ హైకోర్టు ఆ యాజ్ఞను కొట్టివేసినది. తగవులోని మంచిచెడ్డలు న్యాయస్థానముల సొత్తు. వానిలోనికి మేము పోము. కాని ఒక్కటి కనబడుచునే యున్నది. అన్నదమ్ములు తగవు తీర్చుకొనలేనపుడు త్రాసు మూడవవాని చేతికి పోవును. నేడు ఆంధ్రప్రదేశము గెలిచినదని సంతోషించిన పద్ధతియే రేపు ఆంధ్రప్రదేశము మీదికి రావచ్చును.

దక్షిణ ప్రాంతీయ విద్యుత్ కమిటీలో తమిళనాడు, కర్ణాటకము, కేరళము, పుదుచ్చేరి మనతో కలిసి కూర్చుండును. గాలి, ఎండ, సేద్యపునీరు, పాత జలకేంద్రములు వీరందరి కష్టసుఖములును మనవంటివే. ఆ కమిటీ రాబోవు సమావేశమునకు ముందే అమరావతి, హైదరాబాదు విద్యుత్ శాఖలవారు ఒకచోట కూర్చుండి, సేద్యపు జలాశయముల మినహాయింపును, మండలియందు వోటును, సంతనుండి వెలివేయుటకు ముందు విచారణను కోరుచు ఒకే విజ్ఞాపనను సిద్ధము చేయవలెను. బాకీ తగవును ఆనాటికి ప్రక్కనబెట్టవచ్చును. ఆ విజ్ఞాపనను, ఉమ్మడి సంతవలన ప్రతి రాష్ట్రమునకు కలుగు లాభనష్టముల లెక్కను ఇంగ్లీషున మాత్రమేగాక తెలుగునను అచ్చువేయించి రెండు శాసనసభల ముందును ఉంచవలెనని మేము కోరుచున్నాము.